క్యాష్ బుక్ తెరవండ్రి సారూ

సోమవారం, గద్వాల కలెక్టరేట్. ప్రజావాణి మొదలు కావడానికి ఇంకా టైముంది గానీ వరండా అప్పటికే నిండిపోయింది. అయిజ, గట్టు, మల్దకల్, అలంపూర్ వైపు నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చినవాళ్లు గోడవారగా కూర్చున్నారు. అందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ కవర్లు. వాటిలో ఆధార్ జిరాక్సు, పట్టా పాసుబుక్కు, మడతల దగ్గర చిరిగిన పాత అర్జీలు. మీరూ ఓ మూల చోటు చూసుకుని కూర్చుంటారు. పక్కనున్న పెద్దాయన కాసేపు మిమ్మల్ని ఎగాదిగా చూసి తన కాగితం మీ చేతిలో పెడతాడు.

"ఒకపారి సదువు బిడ్డా. సక్కగ రాసిన్రో లేదో."

నాలుగు పేజీలు. ఊళ్లో సీసీ రోడ్డు సగమే పోశారు, బిల్లు మాత్రం నిండుగా ఎత్తుకున్నారు. వీధిలైట్లు వెలగవు, బల్బులు కొన్నట్టు మాత్రం రాసుకున్నారట. ట్రాక్టరు షెడ్డు దాటదు, డీజిల్ ఖర్చు మాత్రం తగ్గదట. చివర్న 'తమరు దయతలచి విచారణ జరిపించగలరని ప్రార్థన'. ఇదే సంగతి మీద అక్కడా ఇక్కడా ఇచ్చిన అర్జీల రసీదులు పిన్ను కొట్టి వెనక ఉన్నాయి. అన్నిటి గతీ ఒకటే. 'తగు చర్య నిమిత్తం సంబంధిత కార్యాలయానికి పంపడమైనది.' ఆ సంబంధిత కార్యాలయం ఏదో పెద్దాయనకు తెలుసు. ఆయన ఫిర్యాదు చేసింది దాని మీదే.

ఎదురు బెంచీ మీద కూర్చున్న రిటైర్డ్ టీచరు ఇదంతా వింటున్నాడు. లేచి వచ్చి కాగితం అందుకుంటాడు, చదువుతాడు, తిరగేసి ఖాళీగా ఉన్న వైపు తొడ మీద పెట్టుకుని పెన్ను తీస్తాడు.

"ఇందుల నువ్వు దయ అడిగినవ్ పెద్దనాయనా. దయ సంగతి తర్వాత. కాగితం అడుగు."

ఇక్కడ మీకు కనిపించే మనుషులకు పేర్లు ఉండవు. చాలా ఊళ్లలో చాలామంది చేస్తున్న పనినే ఒక దారిలో పెట్టి చూపిస్తున్నాను. చట్టాలూ సెక్షన్లూ తారీకులూ మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

టీచరు రాస్తుంటే మీరు భుజం మీదుగా చూస్తారు. 'ఎంత తిన్నారు' అన్న ప్రశ్నను కొట్టేశాడు. దానికి జవాబు ఏ రిజిస్టరులోనూ ఉండదు మరి. సమాచార హక్కు చట్టం ఇప్పించేది ఆఫీసులో ఉన్న రికార్డును. అధికారి చేత సంజాయిషీ చెప్పించదు, తప్పు ఒప్పించదు. అందుకని ఆయన పెద్దాయన ఆవేదనలో ఒక్కో ముక్కనూ ఒక్కో పుస్తకం పేరుగా మారుస్తున్నాడు. రోడ్డు సగమే పోశారన్న చోట ఆ పని అంచనా, పంచాయతీ తీర్మానం, వర్క్ ఆర్డరు, కొలతలు రాసిన ఎం.బుక్ పేజీలు, బిల్లు, చెల్లింపు ఓచరు. బల్బులన్న చోట ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా కొన్న వీధిదీపాల బిల్లులు, స్టాకు రిజిస్టరు. డీజిలన్న చోట ట్రాక్టరు లాగ్ బుక్కు, బంకు బిల్లులు. నాలుగు పేజీలు అరపేజీకి వచ్చాయి. పెద్దాయన ముఖంలో అసంతృప్తి. ఇంత చిన్న కాగితంలో తన కోపం ఎక్కడా కనిపించడం లేదు.

"కోపం వద్దు. తారీకులు కావాలె. ఏ సంవత్సరం పని అది?"

పెద్దాయన కళ్లు మూసుకుని ఆలోచిస్తాడు. మనవరాలి పెళ్లికి ముందా, తర్వాతా. ఆ ఏడు జూరాల కాలువకు నీళ్లు ఎప్పుడొచ్చాయి. అట్లా లెక్కకట్టి సంవత్సరం చెబుతాడు. టీచరు రాసుకుంటాడు. నా దృష్టిలో ఈ చట్టంలో అన్నిటికంటే కష్టమైన పని ఇదే. సెక్షన్లు కంఠతా పట్టడం ఎవరికైనా వస్తుంది. ఊరి మాటను రికార్డు పేరుగా మార్చడానికి మాత్రం ఊరూ తెలియాలి, ఆఫీసూ తెలియాలి.

ఆ అరపేజీ వెనక పెద్ద కథే ఉంది. రాజస్థాన్‌లో 1990 మే 1న పుట్టిన మజ్దూర్ కిసాన్ శక్తి సంగఠన్, 1994 డిసెంబరులో కోట్ కిరానా అనే ఊళ్లో జనాన్ని కూర్చోబెట్టి పంచాయతీ పనుల బిల్లులూ మస్టర్ రోళ్లూ పైకి చదివింది. కూలి చేసినట్టు ఎవరి పేరు ఉందో ఆ మనిషే లేచి, నేను చేయలేదు, నాకు డబ్బు అందలేదు అని చెప్పాడు. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజుల ధర్నా. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ లాంటి వాళ్లతో పాటు వందల మంది కూలీలు రోడ్డు మీద కూర్చుని అడిగింది ఒక్కటే. మా ఊరి లెక్కల నకళ్లు మాకు ఇవ్వండి. ఆ అడగడమే దేశమంతా పాకి 2005 అక్టోబరు 12 నుంచి చట్టంగా అమల్లోకి వచ్చింది. నాలుగు నెలలకే, 2006 ఫిబ్రవరి 2న, ఉపాధి హామీ మొదలైంది. మొదటి విడత జిల్లాల్లో మన ఉమ్మడి మహబూబ్‌నగర్ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ ప్రభుత్వ పద్ధతిగా స్థిరపడ్డాక పాలమూరు ఊళ్లలోనూ మస్టర్లు గ్రామసభలో పైకి చదివారు. ముంబైకో పుణెకో వలసపోయిన మనిషి పేరు మస్టర్లో వినిపిస్తే ఎవరూ చెప్పనక్కర్లేదు. అతను ఊళ్లో లేడని ఇంటిల్లిపాదికీ, వాడకట్టుకూ తెలుసు. లెక్క ఊరి ముందుకు వస్తే చాలు, తప్పును ఊరే పట్టుకుంటుంది.

టోకెన్ పిలిచారు. పెద్దాయన లోపలికి వెళ్లాడు, అర్జీతోనే. కొత్త కాగితం జేబులో ఉంది. దాన్ని రేపు మండలాఫీసులో ఇస్తాడట.

మధ్యాహ్నానికి మీరు టీచరుతో పాటు బస్సెక్కుతారు. ఆయన రేపు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక పంచాయతీకి పోవాలి. ఎర్రవల్లి చౌరస్తా దాటాక హైవే, బీచుపల్లి దగ్గర కృష్ణ. వంతెన మీదకు రాగానే బస్సులో సగం మంది ఆంజనేయస్వామికి దండం పెట్టుకుంటారు. అవతల పెబ్బేరు, ఆ తర్వాత వనపర్తి.

వనపర్తిలో దిగాక టీచరు నేరుగా ఆఫీసుల ముందున్న జిరాక్సు షాపుకు పోతాడు. ఇట్లాంటి షాపుల్లో ప్రభుత్వ కార్యాలయానికి కావలసినవన్నీ దొరుకుతాయి. తెల్లకాగితం, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు, పోస్టు కవరు, అడిగితే అడ్రసు కూడా. షాపులో ఒక గృహిణి నిలబడి ఉంది. వాళ్ల వార్డులో మురికి కాల్వ కట్టి ఏడాది కాకముందే పక్కలు కూలాయి. ఆమె అడుగుతున్నది కాంట్రాక్టరుతో చేసుకున్న అగ్రిమెంటు నకలు, పనికి హామీ గడువు ఎంతకాలమో ఆ పేజీ. గడువు లోపల కూలితే మళ్లీ కట్టాల్సింది కాంట్రాక్టరే, మునిసిపాలిటీ సొమ్ముతో కాదు. ఈ ఒక్క పేజీ చేతికొస్తే వార్డుకు కాల్వ వస్తుంది. ఎవరినీ జైలుకు పంపనక్కర్లేదు.

ఫీజుల సంగతి ఇక్కడే చెప్పేస్తాను, చాలామంది దీనికే జంకుతారు. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఒక్క పైసా లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు ఎక్కడా కట్టనక్కర్లేదు. నకలు పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో ఇవ్వకపోతే ఆ రెండు రూపాయలు కూడా అడగకూడదు, ఉచితంగా ఇవ్వాలి.

ఆమెతో పాటు మీరూ ఇన్‌వర్డు కౌంటరు దగ్గరికి వెళ్తారు. ఏ ఆఫీసైతేనేం, రాష్ట్రంలో ఏ కౌంటరు ముందు నిలబడ్డా వినిపించే మాట ఇది.

"ఎందుకమ్మా ఇదంతా? ఏం చేసుకుంటరు?"

ఆమె తడబడుతుంది. టీచరు వెనక నుంచి మెల్లగా అందిస్తాడు. "కారణం చెప్పనక్కర్లేదు సార్. సెక్షన్ 6(2)." గుమాస్తా తలెత్తి చూస్తాడు. మాట కటువుగా లేదు, అందుకే ముఖం మాడలేదు. స్టాంపు గుద్ది, తేదీ వేసి, నకలు మీద సంతకం పెట్టి ఇస్తాడు. ఆమె ఆ ముద్ర చూసుకుని కాగితాన్ని పర్సులో డబ్బుల అరలో పెట్టుకుంటుంది. ఇక రోజులు లెక్కపెట్టుకోవచ్చు. ముప్పై దాటితే మరో 30 రోజుల్లోగా అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా హైదరాబాద్‌లోని సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. సమాచారం దాచిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌దే. అది కట్టాల్సింది ఆ అధికారి, ఆఫీసు ఖజానా కాదు.

ఈ ఊళ్లో నిలబడి సురవరం ప్రతాపరెడ్డిని తలచుకోకుండా ఉండలేం. గద్వాల దగ్గరి ఇటికాలపాడు ఆయన సొంతూరు. గోలకొండ పత్రిక నడిపి, 1952లో ఈ వనపర్తి నుంచే హైదరాబాద్ శాసనసభకు ఎన్నికయ్యాడు. నిజాం కాలంలో సంస్థానాల నీడలో బతికిన ఈ జనానికి దివాణం లెక్క అడగడం అంటే ఏమిటో తెలియని రోజుల్లో ఆయన అధికారాన్ని పేరు పెట్టి ప్రశ్నించాడు. పది రూపాయల స్టాంపు అంటించి కాల్వ అగ్రిమెంటు అడిగిన ఆ గృహిణి చేస్తున్నదీ ఆ పనే అని నేను నమ్ముతాను.

రాత్రి లాడ్జిలో టీచరు తన ఫైలు విప్పుతాడు. ఒక దరఖాస్తుకు వచ్చిన జవాబు చూపిస్తాడు. 'సదరు రికార్డు పూర్వపు జిల్లా కార్యాలయంలో ఉన్నందున ఇవ్వలేము.' 2016 అక్టోబరు 11న పాలమూరు జిల్లాను విడదీసి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు చేశారు. ఆఫీసులు దగ్గరికి వచ్చాయి. కొల్లాపూర్ నుంచి, అలంపూర్ నుంచి మహబూబ్‌నగర్ దాకా పోయే బాధ తప్పింది. ఫైళ్లు మాత్రం కొన్ని అక్కడే ఉండిపోయాయి, కొన్ని బీరువాలతో పాటు తరలివచ్చాయి. ఏది ఎక్కడుందో వెతకడం దరఖాస్తుదారు పని కాదు. తమ దగ్గర లేకపోతే ఐదు రోజుల్లో ఉన్న ఆఫీసుకు బదిలీ చేయాలని సెక్షన్ 6(3) చెబుతోంది.

ఇంకో కాగితం తీసి దాన్ని కాసేపు మాట్లాడకుండా చూశాడు. కమిషన్‌కు వేసిన రెండో అప్పీలు అకనాలెడ్జ్‌మెంటు. మొజంజాహి మార్కెట్ దగ్గరి సమాచార హక్కు భవన్ ముద్ర. రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణకు సొంత కమిషన్ రావడానికే 2017 సెప్టెంబరు దాకా పట్టింది. 2023 ఫిబ్రవరిలో ఉన్న కమిషనర్ల పదవీకాలం ముగిసింది. మళ్లీ నియామకాలు జరిగింది 2025 మేలో. రెండేళ్లకు పైగా అప్పీలు వినే మనిషే లేడు. అప్పీళ్లు వచ్చి పడుతూనే ఉన్నాయి, ముద్ర వేసి లోపల పెడుతూనే ఉన్నారు. కమిషన్లలో ఖాళీలను సకాలంలో నింపాలని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలోనే తీర్పు ఇచ్చింది. అయినా ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉండనిచ్చారు. పార్టీలు మారాయి, ప్రభుత్వం మారింది, ఖాళీ మారలేదు. జరిమానా వేసే చేయి లేదని తెలిసిన ఆఫీసు 30 రోజుల గడువుకు ఎందుకు భయపడుతుంది? ఆ రెండేళ్లలో ఈ రాష్ట్రంలో చట్టం పుస్తకంలో ఉంది, పల్లెలో లేదు. దీన్ని నిర్లక్ష్యం అనడం నాకు చిన్నమాటగా తోస్తుంది.

ఇంకో దెబ్బ ఢిల్లీ నుంచి తగిలింది. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను సవరించింది. ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తిగత వివరమైనా ఇవ్వొచ్చన్న మాటను అందులోంచి తీసేసింది. సెక్షన్ 8(2) కింద ఆ దారి ఇంకా మిగిలి ఉంది గానీ, లబ్ధిదారుల జాబితా అడిగినవాడికి 'వ్యక్తిగతం' అని ఒక్కమాట రాసి పంపడం మునుపటికంటే సులువైంది.

"సారూ, భయం గాదా?" అని మీరు అడుగుతారు. ఆయన వెంటనే జవాబు చెప్పడు. 2023 జూన్‌లో జనగామ జిల్లాలో ప్రభుత్వ భూమి ఆక్రమణ మీద పోరాడిన విశ్రాంత ఎంపీడీవోను కిడ్నాప్ చేసి చంపారు. ఆ వార్త చదివిన రోజు నుంచి ఆయన ఇంట్లో భార్య ఫోన్లు ఎక్కువయ్యాయట. "అందుకే ఒక్కణ్ని పోను. దరఖాస్తు ఒకరి పేరు మీద ఉంటది, లోపలికి మాత్రం పదిమందిమి పోతం."

తెల్లవారి బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూల్, అక్కణ్నుంచి ఆటోలో ఊరు. పత్తి చేలు, అక్కడక్కడా బోర్ల కింద వరి. పంచాయతీ ఆఫీసు అంటే రెండు గదులు, ముందు జెండా గద్దె, గోడ మీద సగం చెరిగిన ఆదాయ వ్యయాల పట్టిక. ఇక్కడ గది అయినా ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక తండాలూ శివారు గూడేలూ వేలల్లో కొత్త పంచాయతీలై రాష్ట్రంలో మొత్తం 12,751 అయ్యాయి. అట్లాంటి చాలాచోట్ల ఆఫీసు బడిలో ఒక మూల, రికార్డులు కార్యదర్శి సంచిలో.

దరఖాస్తు పెట్టింది డిగ్రీ చదివే అమ్మాయి. నకళ్లు అడగలేదు, రికార్డుల తనిఖీ అడిగింది. ఇది టీచరు నేర్పిన కిటుకే. నకలు అడిగితే వందల పేజీలంటారు, జిరాక్సు మిషన్ లేదంటారు, ఏ పేజీ పంపాలో వాళ్లే తేల్చుకుంటారు. తనిఖీ అడిగితే పుస్తకం మొత్తం మన ముందు తెరవాలి. సెక్షన్ 2(జె) ఇచ్చిన హక్కు ఇది. రికార్డులే కాదు, పనిని కూడా చూడొచ్చు. నోట్సు రాసుకోవచ్చు. వాడిన సామగ్రి నమూనాను అధికారి ధ్రువీకరణతో తీసుకోవచ్చు. మొదటి గంట ఉచితం, ఆ తర్వాత పావుగంటకు 5 రూపాయలు. ఈ చట్టంలో అందరూ వాడాల్సిన, చాలా తక్కువమంది వాడుతున్న భాగం ఇదేనని నా అభిప్రాయం.

"క్యాష్ బుక్ తెరవండ్రి సారూ," అంటుంది అమ్మాయి.

కార్యదర్శి ముప్పై దాటని యువకుడు. బీరువా తీసి పుస్తకాలు ఒక్కొక్కటే టేబుల్ మీద పెడతాడు. క్యాష్ బుక్, ఓచర్ల ఫైళ్లు, తీర్మానాల పుస్తకం, స్టాకు రిజిస్టరు. ఎం.బుక్ పంచాయతీరాజ్ ఏఈ దగ్గర ఉంటుంది, ఇవాళ్టికి తెప్పించాడు. అతని ముఖంలో ఆందోళన ఉంది, దాపరికం కనిపించదు. ఈ లెక్కల్లో చాలా భాగం అతను ఈ ఊరికి రాకముందువి.

మీరు బెంచీ మీద అమ్మాయి పక్కనే కూర్చుంటారు. క్యాష్ బుక్‌లో ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. జమ వైపు ఇంటిపన్ను, నల్లా పన్ను, రాష్ట్రం ఇచ్చిన గ్రాంటు, 15వ ఆర్థిక సంఘం నిధులు. ఆ కేంద్రం సొమ్ములో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ మాత్రమే ఖర్చు పెట్టాల్సి ఉండేది. ఖర్చు వైపు చూస్తే ఊరు మొత్తం కనిపిస్తుంది. బ్లీచింగ్ పౌడర్. బోరు మోటరు రిపేరు. మోటరు రిపేరు మళ్లీ. పారిశుధ్య కార్మికుల జీతం. ట్రాక్టరు కిస్తీ. డీజిల్. నర్సరీ కవర్లు. ఎల్ఈడీ బల్బులు. డీజిల్. బతుకమ్మకు లైటింగు. జెండా పండుగకు చాక్లెట్లు. 2019లో పల్లె ప్రగతి మొదలయ్యాక పద్దులు చిక్కబడ్డాయి. వైకుంఠధామం, డంపింగ్ యార్డు, పల్లె ప్రకృతి వనం.

పక్కన నిలబడ్డ కుర్రాడు ఫోన్లో పంచాయతీ లెక్కలుండే ఈ-గ్రామ్‌స్వరాజ్ తెరిచి అదే ఓచరు మొత్తం చదువుతాడు. పుస్తకంలో అంకె, ఫోన్లో అంకె ఒకటే. సరిపోయింది. ఇంకోటి. అదీ సరిపోయింది. జనంలో కొంచెం నిరాశ. అంకెలు కలవడానికీ పని జరగడానికీ సంబంధం లేదని టీచరు మెల్లగా గుర్తు చేస్తాడు. "పని కాడికి పోదం పాండ్రి."

ఎం.బుక్‌లో, ఈ ఊళ్లోనూ సగమే పోశారంటున్న సీసీ రోడ్డు పేజీ. పొడవు 100 మీటర్లు, వెడల్పు 3, మందం 0.15. మొత్తం 45 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు. కింద ఏఈ సంతకం, ఆ కింద డీఈ చెక్ మెజర్‌మెంటు. అమ్మాయి పేజీ నెంబరు రాసుకుని లేస్తుంది.

ఇక మీరంతా వీధిలో ఉన్నారు. టేపు ఒక కొస మేస్త్రీ పని చేసే ఆయన పట్టుకున్నాడు, ఇంకో కొస అమ్మాయి. ఎండ నెత్తికెక్కింది. గడపల్లోకి ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు, పిల్లలు టేపు వెంట పరుగు. వెడల్పు మూడు, కరెక్టే. పొడవు కొలిచేసరికి 91 దగ్గర రోడ్డు అయిపోయింది. అవతల మట్టి.

"చెప్పిన్నా లేదా! సగం మింగిన్రు!" ఎవరో అరిచారు.

"సగం యాడ్నయ్యా, తొమ్మిది మీటర్లు," అంటాడు మేస్త్రీ.

అప్పుడు గడపలో కూర్చున్న ముసలమ్మ అందుకుంది. "బడి గేటు ముందర పోసిన తునక ఎవలు కొలుస్తరు? గది గూడ ఆ దినమే పోసిన్రు. నేనే గద ఆళ్లకు నీళ్లు తాపింది."

అందరూ బడి దగ్గరికి. అక్కడ ఆరు మీటర్లు, మూడు వెడల్పు. తేడా ఇప్పుడు మూడు మీటర్లు. క్యూబిక్ మీటరూ చిల్లర. ఊరంతా ఏళ్లుగా సగం రోడ్డు అనుకుంటున్నది ఇంత. మేస్త్రీ వంగి రోడ్డు అంచు దగ్గర మట్టి తీసి బెత్తెతో మందం చూశాడు. అంచున చూస్తే తేలదు, పక్కలు ఎప్పుడూ హెచ్చుతగ్గులుంటాయి, నడుమ బొక్క కొట్టి ముక్క తీస్తేనే తేలుతుందంటాడు. అమ్మాయి నోట్సులో రాసుకుంటుంది. నమూనా కోసం వేరే దరఖాస్తు.

పెద్ద బొక్క రోడ్డులో లేదు, బీరువాలో ఉంది. ఆఫీసుకు తిరిగొచ్చి లాగ్ బుక్ అడిగితే తెలిసింది. ట్రాక్టరుకు డీజిల్ పోసినట్టు ఓచర్లు వరుసగా ఉన్నాయి. అది ఏ రోజు ఎక్కడికి పోయిందో రాయాల్సిన లాగ్ బుక్‌లో నెలల తరబడి పేజీలు ఖాళీ. బల్బుల బిల్లులున్నాయి, స్టాకు రిజిస్టరులో అవి వచ్చినట్టూ లేదు, స్తంభాలకు ఎక్కినట్టూ లేదు. అరిచిన వాళ్లెవరూ ఇక్కడ అరవలేదు. ఖాళీ పేజీ మీద అరవడం ఎట్లాగో ఎవరికీ తెలియదు. అమ్మాయి ఆ ఖాళీ పేజీల నెంబర్లు కూడా రాసుకుంది. కార్యదర్శి చేత కింద సంతకం అడిగింది. అతను కాసేపు పెన్ను పట్టుకుని ఆగాడు, పెట్టాడు.

సాయంత్రం గ్రామసభ. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరగాలి. 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు తీరి, 2025 డిసెంబరులో ఎన్నికలయ్యేదాకా ప్రత్యేకాధికారులే ఉన్నారు, ఆర్థిక సంఘం డబ్బూ ఆగింది. ఇప్పుడు కొత్త సర్పంచ్ రావిచెట్టు గద్దె మీద కూర్చుంది. పొద్దున రాసుకున్న నోట్సును అమ్మాయి మైకులో చదువుతుంది. ఎవరి మీదా ఆరోపణ చేయదు. పేజీ నెంబరు, పుస్తకంలో ఉన్నది, వీధిలో ఉన్నది, అంతే. లాగ్ బుక్ లేని నెలల డీజిల్ సొమ్ము మీద విచారణ కోరుతూ తీర్మానం రాయమంటారు. కొత్త సర్పంచ్ రాయిస్తుంది. బడి గేటు ముందరి ఆరు మీటర్లు కూడా చదవమని ముసలమ్మ పట్టుబట్టింది, చదివారు.

సభ చివర, వెనక నిలబడ్డ మాజీ సర్పంచ్ ముందుకు వచ్చాడు. ఇందాకటి నుంచీ అతన్ని చూసి అందరూ మాటలు తగ్గించారు. అతను తిట్టడానికి వచ్చాడనే అనుకున్నారు, మీరూ అనుకున్నారు. అతను మైకు తీసుకోలేదు. అమ్మాయి దగ్గరికి వచ్చి, అందరికీ వినపడేట్టే మాట్లాడాడు.

"డీజిల్ లెక్క నేను రాయలె. డ్రైవరు రాస్తడనుకున్న, ఆయన రాయలె. అది నా తప్పే, విచారణకు వస్త. గానీ బిడ్డా, వైకుంఠధామం కట్టించిన పైసలు నాకింక రాలె. మిత్తికి తెచ్చి కట్టిన. బిల్లు చేసిన్రా లేదా, చేస్తే యాడ ఆగిందో ఎవ్వలు చెప్తలేరు."

రాష్ట్రంలో మాజీ సర్పంచులు పెండింగ్ బిల్లుల కోసం రోడ్డెక్కుతున్న వార్తలు అందరూ చదివినవే. అప్పు తెచ్చి పని చేసి, బిల్లు ఎక్కడ ఆగిందో తెలియక తిరుగుతున్నవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. టీచరు సంచిలోంచి తెల్లకాగితం తీసి అమ్మాయికి అందించాడు. ఆమె గద్దె అంచున కూర్చుని పెన్ను మూత తీసింది.

"ఎం.బుక్ నెంబరు యాదికున్నదా పెద్దనాయనా? లేకుంటే కొలతలు రాసుకున్న తారీకు చెప్పు. ట్రెజరీకి ఒకటి, మండలాఫీసుకు ఒకటి రాద్దం. మండలంల ఐదు రూపాయలు గట్టాలె."